ల్యాప్‌టాప్ ప్రాసెసర్, సర్వర్ ప్రాసెసర్: మీ పనికి ఏది ఫాస్టో ఇంట్లోనే ఎట్ల కొలవాలె

హన్మకొండ, కాజీపేట సైడు ఇంజనీరింగ్ చదివే పిల్లలు, ఇంటి నుంచి జాబ్ చేసేటోళ్ళు ఈ మధ్య ఎక్కువ అడుగుతున్న ప్రశ్న ఇది. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల మార్కెట్) పాత జియాన్ వర్క్‌స్టేషన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ ఉన్న పెద్ద కంప్యూటర్) తక్కువ రేటుకే దొరుకుతుంది, 8 కోర్లు (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగాలు), 32 జీబీ ర్యామ్ అంటున్నరు, తీస్కోవాల్నా, ఉన్న ల్యాప్‌టాప్‌తోనే నడుపుకోవాల్నా, లేకపోతే క్లౌడ్‌లో, అంటే నెట్ మీద, సర్వర్ కిరాయికి తీస్కుంటే అయిపోతదా అని. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేటోళ్ళని నమ్మకండి, ఎందుకంటే "సర్వర్ ప్రాసెసర్ కదా, ఫాస్ట్ ఉంటది" అనేది సగం పనులకు తప్పు, "పాతది కదా, వేస్ట్" అనేది మిగతా సగం పనులకు తప్పు. మీ పనిని మీరే రెండు మిషన్ల మీద నడిపి కొలుచుకోవాలె, దానికి ఒక్క సాయంత్రం చాలు, పైసలు కూడా ఏం కావు.

నేను చెప్పే వరుసలోనే చేయండి, ముందుదాని మీదనే తర్వాతది ఆధారపడి ఉంటది.

మొదలు మీ పని ఏందో కాగితం మీద రాయండి

"కోడింగ్ చేస్త" అని కాదు, ఇంకా కచ్చితంగా రాయాలె. ఆండ్రాయిడ్ యాప్ బిల్డ్ చేస్తరా, పైథాన్‌లో పెద్ద ఎక్సెల్ ఫైళ్ళు తిప్పుతరా, పెళ్ళి వీడియోలు ఎక్స్‌పోర్ట్ చేస్తరా, డెవాప్స్ నేర్చుకునేటందుకు నాలుగైదు వర్చువల్ మిషన్లు (ఒకే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) ఒక్కసారే లేపుతరా, చిన్న వెబ్‌సైట్ నడుపుతరా. డీప్ లర్నింగ్ మోడల్ ట్రైనింగే మీ పని అయితే ఇక్కడే ఆగండి, అక్కడ గ్రాఫిక్స్ కార్డే ముఖ్యం, రెండు ప్రాసెసర్లు పోల్చుకుంట కూసుంటే టైం వేస్ట్.

ఎందుకు రాయమంటున్ననంటే, ఒక్క కోర్ మీదనే నడిచే పని ఒకటి, అన్ని కోర్ల మీద పంచుకునే పని ఒకటి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ని మొదటిదానికి, సర్వర్ ప్రాసెసర్‌ని రెండోదానికి తయారు చేస్తరు. ల్యాప్‌టాప్‌లో మీరు ఒక్క బటన్ నొక్కితే జల్దీ స్పందించాలె, కాబట్టి కొద్దిసేపు ఒకటి రెండు కోర్లు మస్తు స్పీడ్‌కి పోయి మళ్ళ కిందికి వస్తయి. సర్వర్‌లో వందల మంది రిక్వెస్టులు పొద్దంతా, రాత్రంతా వస్తనే ఉంటయి, కాబట్టి ఎక్కువ కోర్లు, మోస్తరు స్పీడ్, ఆగకుండ నడిచే తీరు. ఏఎండీ 2019లో తెచ్చిన ఎపిక్ 7742 చూడండి, 64 కోర్లు, 225 వాట్లు, కానీ బేస్ స్పీడ్ (మామూలు స్పీడ్) 2.25 గిగాహెర్ట్జే, బూస్ట్ (కొద్దిసేపు ఎక్కే స్పీడ్) అయినా 3.4 దాటదు. ఇంటెల్ 2020లో తెచ్చిన ల్యాప్‌టాప్ ఐ5-1135జీ7 నాలుగు కోర్లదే, కానీ ఒక్క కోర్ 4.2 దాక పోతది.

ప్రాసెసర్ పూర్తి పేరు పట్టుకోండి

"ఐ7 ఉంది", "జియాన్ ఉంది" అంటే ఏం చెప్పినట్టు కాదు. ఐ7-7500యూలో రెండే కోర్లు ఉంటయి, ఐ7-11800హెచ్‌లో ఎనిమిది ఉంటయి, రెండూ ఐ7లే. చివరన యూ అని ఉంటే తక్కువ కరెంటుది, హెచ్ అని ఉంటే 45 వాట్ల దగ్గరిది, గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో వచ్చేది.

జియాన్ అయితే ఇంకా జాగ్రత్త. ఈ5-2670 అని ఒకటే నంబర్ మీద వేర్వేరు ప్రాసెసర్లు ఉన్నయి. ఒట్టి ఈ5-2670 అంటే 2012ది, 8 కోర్లు. వెనక వీ2 ఉంటే 10 కోర్లు, వీ3 ఉంటే 12 కోర్లు. ఒట్టిది, వీ2 ఈ రెండు డీడీఆర్3 ర్యామ్ బోర్డుల మీద కూసుంటయి, వీ3, వీ4 అయితే డీడీఆర్4, బోర్డు వేరే. ఇంకో పెద్ద తేడా ఉంది. ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్లు వీ3 నుంచే ఉన్నయి, వీడియో ఎన్‌కోడింగ్‌కి, నంబర్ల లెక్కలకి ఇప్పటి సాఫ్ట్‌వేర్లు దాన్ని బాగా వాడుకుంటయి, అది లేని మిషన్ మీద అవే పనులు బాగా నెమ్మదిస్తయి, కొన్ని సాఫ్ట్‌వేర్లయితే అసలు ఓపెనే కావు. షాపాయన "2670 ఉంది భయ్యా" అంటే వెనక వీ ఎంత అని అడగకుండ పైసలు తియ్యకండి. ఇంకోటి, ఈ5 జియాన్లు ఏవీ విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సపోర్ట్ లిస్ట్‌లో లేవు, లినక్స్ వాడేటోళ్ళకి ఆ రంది లేదు.

పేరు ఎక్కడ చూడాలంటే విండోస్‌లో టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్, లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్. ఆ పేరుని ఇంటెల్ వాళ్ళ సైట్‌లోనో ఏఎండీ వాళ్ళ సైట్‌లోనో కొట్టి, వచ్చిన సంవత్సరం, కోర్లు, థ్రెడ్లు, బేస్ స్పీడ్, మ్యాక్స్ టర్బో (బూస్ట్ స్పీడే), ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ), వాట్లు, మెమరీ ఛానెళ్ళు (ర్యామ్‌కి పోయే దారులు) రాసుకోండి. థ్రెడ్లని కోర్ల లెక్కన కలపకండి, 4 కోర్లు 8 థ్రెడ్లు అంటే 8 కోర్లు కాదు, ఒకే కోర్‌ని ఇద్దరు పంచుకుంటున్నట్టు, దానితోని వచ్చే లాభం కొంతే.

గిగాహెర్ట్జ్‌లు చూసి కూడా మోసపోవద్దు. 2012 కోర్ ఒక్క టిక్కులో చేసే పని కన్న 2020 కోర్ ఒక్క టిక్కులో చాలా ఎక్కువ చేస్తది, కాబట్టి రెండూ 3.3 దగ్గర తిరిగినా కొత్తదే ముందుంటది. అందుకే కొలవాలె.

రెండు మిషన్లకీ ఒకటే కండిషన్ పెట్టండి

ల్యాప్‌టాప్‌లో విండోస్, వర్క్‌స్టేషన్‌లో లినక్స్ పెట్టి కొలిస్తే మీరు పోల్చింది ప్రాసెసర్లని కాదు. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండనే నడిచే లినక్స్) వేసుకోండి, దాంతోనే రెండు మిషన్లూ బూట్ చేయండి, హార్డ్‌డిస్క్‌లో ఏం ముట్టుకోనవసరం లేదు. ల్యాప్‌టాప్‌కి దానితో వచ్చిన ఛార్జరే పెట్టాలె, ఒరిజినల్ కాకుండ తక్కువ వాట్ల ఛార్జర్ పెడితే చాలా ల్యాప్‌టాప్‌లు స్పీడ్ తగ్గించుకుంటయి. పవర్ మోడ్ పర్ఫార్మెన్స్‌లో పెట్టండి. మంచం మీద, దుప్పటి మీద పెట్టి టెస్ట్ చెయ్యకండి, బల్ల మీద పెట్టండి, కింద గాలి పోవాలె. రెండూ ఒకే రూమ్‌లో, ఒకే పూట చేయండి, మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం 42 దాటినప్పుడు ఒకటి, రాత్రి కూలర్ ముందట ఇంకోటి చేస్తే లెక్క కుదరదు.

ఒక్క కోర్ టెస్ట్

7-జిప్ అందరికీ తెలిసిందే, అందులోనే బెంచ్‌మార్క్ (స్పీడ్ కొలిచే టెస్ట్) ఉంది, ఫ్రీ. లినక్స్‌లో అయితే 7జెడ్ అని కొట్టి స్పేస్ ఇచ్చి బీ అని కొట్టాలె. విండోస్‌లో అయితే టూల్స్ మెనూలో బెంచ్‌మార్క్ అని ఉంటది. ముందు థ్రెడ్ల సంఖ్య 1 పెట్టి నడపండి, లినక్స్‌లో దానికి హైఫన్ పెట్టి ఎంఎంటీ1 అని చేర్చితే సరిపోతది. చివరి లైన్‌లో టోటల్ రేటింగ్ వస్తది, రాసుకోండి. ఒకటే సారి కాకుండ మూడు సార్లు నడిపి మధ్యలోది తీస్కోండి.

ఇక్కడ ఐ5-1135జీ7 లాంటి ల్యాప్‌టాప్, పాత ఈ5-2670 కన్న స్పష్టంగా ముందుంటది, అందులో డౌట్ లేదు. బ్రౌజర్ స్పీడ్, ఎడిటర్‌లో టైప్ చేస్తుంటే సజెషన్లు వచ్చే స్పీడ్, ఎక్సెల్‌లో ఫార్ములా తిరిగే స్పీడ్, మామూలు పైథాన్ లూప్, ఇవన్నీ ఈ నంబర్ మీదనే ఆధారపడి ఉంటయి. కూసున్నప్పుడు "సిస్టం మంచిగ నడుస్తుంది" అనిపించేది ఇదే, కోర్ల సంఖ్య కాదు.

అన్ని కోర్ల టెస్ట్, కనీసం పావుగంట

చాలామంది ఒక్క నిమిషం టెస్ట్ చేసి ఫొటో తీసి గ్రూపులో పెడ్తరు. ల్యాప్‌టాప్‌కి ఆ ఒక్క నిమిషమే గొప్పగ ఉంటది, అసలు సంగతి తర్వాత మొదలైతది.

రెండు విండోలు పక్కపక్కన ఓపెన్ చేయండి. ఒకదాంట్లో ఎస్-టీయూఐ అనే చిన్న ప్రోగ్రాం పెట్టండి, స్పీడ్, టెంపరేచర్, వాట్లు గ్రాఫ్ లెక్క చూపిస్తది, విండోస్‌లో అయితే హెచ్‌డబ్ల్యూఇన్ఫో. ఇంకోదాంట్ల 7-జిప్ బెంచ్‌మార్క్ ఈసారి అన్ని థ్రెడ్లతో, బీ తర్వాత 50 అని నంబర్ ఇస్తే యాభై రౌండ్లు తిరుగుతది. ఇగ చూడండి. మొదట్లో స్పీడ్ గీత పైకి లేస్తది, వాట్లు ప్రాసెసర్ మీద రాసిన దానికన్న ఎక్కువ చూపిస్తయి, ఫ్యాన్ ఇంకా పూర్తిగ తిరగకముందే టెంపరేచర్ 90 దాటుతది. అర నిమిషమో నిమిషమో అయినంక వాట్ల గీత ఒక్కసారిగ మెట్టు దిగినట్టు కిందికి పడ్తది, దానితోపాటే స్పీడ్ కూడా, ఆ తర్వాత గీత దాదాపు చదునుగ పోతది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో చదునుగ కూడా పోదు, వేడెక్కి దిగి, చల్లబడి ఎక్కి, రంపం పళ్ళ లెక్క కనిపిస్తది. ఆ దిగినంక ఉన్న స్పీడే మీ ల్యాప్‌టాప్ అసలు స్పీడ్, కాబట్టి చివరి పది రౌండ్ల రేటింగే రాసుకోవాలె, మొదటి రౌండ్‌ది కొట్టెయ్యాలె.

ఎందుకిట్ల అంటే ఇంటెల్ ప్రాసెసర్లకి రెండు పవర్ లిమిట్లు ఉంటయి, కొద్దిసేపటికి ఒకటి, ఎంతసేపైనా ఆగేది ఒకటి, రెండూ ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్ళు వాళ్ళ కూలింగ్‌ని బట్టి సెట్ చేస్తరు. ఐ5-1135జీ7నే 12 వాట్ల నుంచి 28 వాట్ల దాక ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కాబట్టి దోస్తు దగ్గర అదే ప్రాసెసర్ ఉంది, ఆయనకి ఫాస్ట్ ఉంది, నాకు లేదు అంటే అందులో వింత ఏం లేదు, సన్నటి ల్యాప్‌టాప్‌లో అదే చిప్ సగం కరెంటు మీద బతుకుతుంది.

ఇదే టెస్ట్ వర్క్‌స్టేషన్ మీద చేయండి. ఈ5-2670 115 వాట్లది, దాని మీద పెద్ద హీట్‌సింక్, పెద్ద ఫ్యాన్, గీత మొదటి నిమిషం ఎట్లుంటదో ఇరవయ్యో నిమిషం కూడా గట్లనే ఉంటది. అట్ల లేకపోతే ఫ్యాన్‌లో దుమ్ము ఉన్నట్టు, లేదా థర్మల్ పేస్ట్ ఎండిపోయినట్టు, అది షాపులోనే తేల్చుకోవాలె. అన్ని కోర్ల లెక్కలో ఈ ఎనిమిది కోర్ల 2012 జియాన్, నాలుగు కోర్ల 2020 ఐ5 చాలా పనుల్లో దగ్గర దగ్గర ఉంటయి, గంటల తరబడి నడిపితే జియాన్ ముందుకు పోయే ఛాన్స్ ఎక్కువ. పన్నెండు, పద్నాలుగు కోర్ల వీ3, వీ4 అయితే ఐ5కి అందనంత ముందుంటయి, కానీ అన్ని కోర్లని వాడుకునే పని ఉంటేనే.

ఇప్పుడు మీ సొంత పని, ఇదే అన్నిటికన్న ముఖ్యం

మొదట కాగితం మీద రాసుకున్న పని ఉంది కదా, దాన్నే రెండు మిషన్ల మీద నడపండి. అదే ప్రాజెక్ట్, అదే ఫైళ్ళు, అదే వర్షన్. లినక్స్‌లో ఏ కమాండ్ ముందైనా టైమ్ అని పెడితే పని అయినంక మూడు నంబర్లు చూపిస్తది, రియల్, యూజర్, సిస్. రియల్ అంటే గడియారంలో గడిచిన టైం. యూజర్ అంటే అన్ని కోర్లూ కలిపి పని చేసిన టైం.

ఈ రెండు నంబర్లలో మీ జవాబు సగం ఉంది. యూజర్‌ని రియల్‌తో భాగించండి. రియల్ 100 సెకండ్లు, యూజర్ 380 సెకండ్లు వచ్చిందనుకోండి, సగటున 3.8 కోర్లు పని చేసినట్టు. రియల్ 100, యూజర్ 105 వస్తే మీ పని ఒక్క కోర్ మీదనే నడుస్తుంది, ఇంక మీరు 64 కోర్ల సర్వర్ తెచ్చినా ఒక్క సెకండ్ తగ్గదు, పైగా దాని కోర్ స్పీడ్ తక్కువ కాబట్టి ఇంకా లేటయితది. ఈ ఒక్క లెక్క చేయకుండ పైసలు ఖర్చు పెట్టొద్దని నేను ఎవరికైనా గట్టిగ చెప్తా.

కోర్లు పెంచితే ఎంత లాభమో ముందే అంచనా వెయ్యొచ్చు, జీన్ ఆమ్డాల్ 1967లోనే చెప్పిన సూత్రం. మీ పనిలో 80 శాతం పంచుకునేది, 20 శాతం ఒక్కరే చెయ్యాల్సింది అనుకుందాం. 4 కోర్లు పెడితే రెండున్నర రెట్లు ఫాస్ట్. 16 కోర్లు పెడితే 4 రెట్లు. 64 పెడితే 4.7 రెట్లు. ఎన్ని పెట్టినా 5 రెట్లు దాటదు. నాటు వేసేటందుకు ఎంతమంది కూలీలు వచ్చినా నారు కట్టలు అందించేటోడు ఒక్కడే అయితే మిగిలినోళ్ళు గట్టు మీద నిలబడాల్సిందే కదా, అంతే.

వీడియో ఎక్స్‌పోర్ట్ చేసేటోళ్ళకి ఒక సంగతి. ల్యాప్‌టాప్ ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్‌తో పాటు వీడియో కోసమే ఒక ప్రత్యేక యూనిట్ ఉంటది, క్విక్ సింక్ అంటరు. ఈ5 జియాన్లలో గ్రాఫిక్సే ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. అది ఆన్ చేసుకుంటే చిన్న ల్యాప్‌టాప్ పెద్ద జియాన్‌ని దాటేస్తది, కాబట్టి మీరు ఏ సెట్టింగ్‌తో ఎక్స్‌పోర్ట్ చేస్తరో అదే సెట్టింగ్‌తో కొలవండి.

ర్యామ్ సంగతి మర్చిపోవద్దు

చానా మంది చూడనిది ఇదే. ఈ5-2670కి నాలుగు మెమరీ ఛానెళ్ళు, డీడీఆర్3-1600, మొత్తం సెకండ్‌కి 51.2 జీబీ. డీడీఆర్4-3200 ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌కి రెండు ఛానెళ్ళు, అది కూడా సరిగ్గ 51.2 జీబీనే. అంటే కాగితం మీద సమానం. కానీ మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి 8 జీబీది ఒకటే కర్ర (ర్యామ్ స్టిక్) ఉంటది, ఒకటే ఛానెల్, అప్పుడు 25.6కి పడిపోతది. అట్లనే జియాన్ మిషన్‌లో 32 జీబీ అని చెప్పి రెండే 16 జీబీ కర్రలు పెట్టి అమ్ముతరు, రెండు ఛానెళ్ళు ఖాళీ. రెండు కేసుల్లోనూ కర్రలు సరిగ్గ నింపి కొలిస్తేనే న్యాయం. ల్యాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో కర్ర వేస్కోవడం అన్నిటికన్న చవకైన అప్‌గ్రేడ్.

వర్చువల్ మిషన్లు నడిపేటోళ్ళకి ర్యామ్ ఎంత పడ్తది అనేదే ముఖ్యం, అక్కడ పాత జియాన్ బంగారం, 64 జీబీ, 128 జీబీ తక్కువకే పెట్టుకోవచ్చు.

క్లౌడ్ సర్వర్ అయితే

క్లౌడ్‌లో ప్రాసెసర్‌ని వీసీపీయూల లెక్కన అమ్ముతరు, 2 వీసీపీయూ అంటే రెండు కోర్లు అనుకుంటరు, అమెజాన్ వాళ్ళ ఇంటెల్, ఏఎండీ సర్వర్లలో చాలా వరకు ఒక వీసీపీయూ అంటే ఒక థ్రెడ్, అంటే రెండు కలిస్తే ఒక కోర్. వాళ్ళ సొంత గ్రావిటాన్ ప్రాసెసర్లలో మాత్రం ఒక వీసీపీయూకి ఒక కోర్. టీ3 మైక్రో లాంటి చవక సర్వర్లకి క్రెడిట్ల లెక్క ఉంటది, గంటకి 12 క్రెడిట్లు వస్తయి, ఒక్క క్రెడిట్‌తో ఒక వీసీపీయూ ఒక నిమిషం ఫుల్ స్పీడ్ నడుస్తది. క్రెడిట్లు ఒడిసినంక సెట్టింగ్‌ని బట్టి స్పీడ్ పడిపోతది, లేదా ఎక్స్‌ట్రా బిల్లు పడ్తది. కాబట్టి క్లౌడ్ మీద కూడా చిన్న టెస్ట్ చేసి నమ్మొద్దు. టాప్ కమాండ్‌లో ఎస్‌టీ అనే నంబర్ చూడండి, అది సున్నా దగ్గర లేకపోతే ఆ మిషన్ మీద మీ వంతు టైం వేరేటోళ్ళకి పోతున్నట్టు. 2022 నవంబర్ నుంచి అమెజాన్‌కి హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది, మనకి దగ్గర కాబట్టి టైప్ చేస్తే అక్షరం లేటుగ కనపడే ఇబ్బంది తక్కువ.

నెట్‌లో స్కోర్లు చూసేటప్పుడు

గీక్‌బెంచ్, సినీబెంచ్, పాస్‌మార్క్ ఇవన్నీ స్పీడ్ కొలిచే ప్రోగ్రాంలే. గీక్‌బెంచ్ 5 స్కోర్‌ని గీక్‌బెంచ్ 6 స్కోర్‌తో పోల్చకండి, కొలమానమే వేరు. సినీబెంచ్ వర్షన్లు కూడా అంతే. గీక్‌బెంచ్ 6 మల్టీకోర్‌లో కోర్లన్నీ కలిసి ఒకే పని పంచుకుంటయి, అందుకే ఎక్కువ కోర్ల సర్వర్ ప్రాసెసర్లకి స్కోర్ కోర్ల లెక్కన పెరగదు, అది చూసి సర్వర్ దండగ అనుకోవద్దు. పాస్‌మార్క్‌లో పెద్ద నంబర్ ఒకటే చూసి వదిలెయ్యకండి, కింద సింగిల్ థ్రెడ్ రేటింగ్ ఉంటది, అదీ చూడండి.

కరెంటు, చప్పుడు, బేరం

వర్క్‌స్టేషన్ మీ ల్యాప్‌టాప్ కన్న 100 వాట్లు ఎక్కువ తాగుతది అనుకుంటే, రోజుకి పది గంటలు నడిపితే రోజుకొక యూనిట్, నెలకి 30 యూనిట్లు, పైగా ఎన్‌పీడీసీఎల్ (మన కరెంటు కంపెనీ) బిల్లు స్లాబ్ మారితే పై యూనిట్లకి రేటు కూడా ఎక్కువ. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తది, దీనికి యూపీఎస్ కావాలె. ర్యాక్‌లో పెట్టే సన్నటి సర్వర్ మాత్రం ఇంటికి తెచ్చుకోకండి, చిన్న ఫ్యాన్ల చప్పుడుకి పక్క రూమ్‌లో కూడా నిద్ర పట్టదు, టవర్ లెక్క ఉండే వర్క్‌స్టేషనే తీస్కోండి.

యూజర్‌ని రియల్‌తో భాగిస్తే రెండు లోపు వచ్చినోళ్ళు కొత్త ల్యాప్‌టాప్‌కో, ర్యామ్‌కో పైసలు పెట్టండి. ఆరు, ఎనిమిది దాటి, రోజుకి గంటల తరబడి నడిచే పని ఉన్నోళ్ళకి వీ3, వీ4 జియాన్ మంచిది. నెలకి రెండు మూడు సార్లే పెద్ద పని పడేటోళ్ళు క్లౌడ్‌లో పెద్ద మిషన్ కొన్ని గంటలకే తీస్కుని బంద్ చేసుకోవాలె.

సీటీసీకి పోయేటప్పుడు ఉబుంటు పెన్‌డ్రైవ్ వెంట తీస్కపోండి. షాపాయనకి ముందే చెప్పి పావుగంట నడపనియ్యమనండి, మంచి సరుకు పెట్టుకున్నోళ్ళు కాదనరు. ఎల్ఎస్‌సీపీయూ కొట్టి వీ నంబర్ చూడండి, మూత తీయించి ఎన్ని కర్రలు ఏ స్లాట్లలో ఉన్నయో చూడండి, ఎస్-టీయూఐలో గీత చదునుగ ఉన్నదో లేదో చూడండి, పవర్ సప్లై దగ్గర కాలిన వాసన వస్తుందా చూడండి. అన్నీ కుదిరితే బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్, వారంటీ ఎన్ని రోజులో రాయించుకునే పైసలు ఇయ్యండి.